అచ్చులో జర్నల్ పేజీ చెడితే: కాలమ్‌లు మార్చే ముందు స్కేలు పెట్టండి

తెరపై బాగున్న వ్యాసం అచ్చులో చదవడానికి ఇబ్బందిగా ఉందంటే, చెన్నైలో తెలుగు పరిశోధన పత్రికలు వేయించే సంపాదకులు చాలామంది రెండు కాలమ్‌లను ఒకటి చేయమంటారు, లేదా ఫాంటు మార్చమంటారు. ఆ రెండింటికీ ముందు ప్రూఫు కాగితాన్ని, అంటే సరిచూడటానికి తీసిన నమూనా ప్రింటును, స్కేలుతో కొలవాలి. ఈ చిన్న పనినే అందరూ వదిలేస్తున్నారు.

అక్షరాలు చిన్నవిగా, పక్క మార్జిన్లు వెడల్పుగా ఉన్నాయి

కారణం దాదాపు ఎప్పుడూ పేజీ కొలతలోనే ఉంటుంది. రచయితలు ఏ4లో, అంటే 210×297 మి.మీ.లో, పేజీలు కడతారు. పత్రికను మాత్రం కాగితం వృథా కాకుండా 20×30 అంగుళాల షీటు నుంచి వచ్చే క్రౌన్ 1/4లో వేస్తారు. కత్తిరించాక అది సుమారు 184×241 మి.మీ. ఉంటుంది. ప్రింటు చేసేటప్పుడు ‘ఫిట్’ (కాగితానికి సరిపెట్టడం) ఎంచుకుంటే ఎత్తుకు సరిపడేలా పేజీ మొత్తం 81 శాతానికి కుదించుకుపోతుంది. 11 పాయింట్ల అక్షరం 9కి కాస్త లోపే తేలుతుంది, 82 మి.మీ. కాలమ్ 67 దగ్గర ఆగుతుంది, మిగిలిన వెడల్పు రెండు పక్కలా ఖాళీగా మిగులుతుంది. అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి కంటికి ఏ తప్పూ దొరకదు. ఫైలు తెరిస్తే 11 అనే ఉంటుంది కాబట్టి రచయితదీ తప్పు కాదనిపిస్తుంది.

ఏ4 కంటే కాస్త వెడల్పైన అమెరికా లెటర్ సైజులో వచ్చిన టెంప్లేట్లతో ఇదే తప్పు మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది. ఏ4 మీద అవి 97 శాతానికి తగ్గుతాయి, ఆ కొద్ది తేడాను ఎవరూ గమనించరు.

పరిష్కారం: కత్తిరింపు తర్వాతి కొలతను ప్రెస్సువారిని అడిగి, మొదటి వ్యాసం నుంచే ఆ కొలతలో పేజీ కట్టండి. ప్రూఫు చివర సరిగ్గా 100 మి.మీ. గీత ఒకటి గీసి, ప్రింటయ్యాక కొలవండి. 81 వచ్చినా 97 వచ్చినా కారణం తెలిసినట్టే. ప్రింటు ‘యాక్చువల్ సైజ్’లోనే ఇవ్వాలి. అలా ఇస్తే క్రౌన్ పేజీ చుట్టూ ఏ4 కాగితం ఖాళీగా కనిపిస్తుంది. అది చూసి ‘కాగితం నిండా వేయండి’ అని ఆపరేటరుకు చెబితే ఈసారి పేజీ పెద్దదై కొలత మళ్లీ తప్పుతుంది, దయచేసి చెప్పకండి.

పదాల మధ్య పెద్ద ఖాళీలు

కొలత సరిగా ఉండి కూడా ఖాళీలు వస్తుంటే, అప్పుడు కాలమ్ సంగతి చూడాలి. సంధులు, సమాసాలతో తెలుగు పదాలు పొడవవుతాయి. సాఫ్ట్‌వేర్ వాటిని పంక్తి చివర విరవకపోతే, ఇరుకు కాలమ్‌లో జస్టిఫై చేసినప్పుడు (రెండు అంచులూ సమం చేసినప్పుడు) ఖాళీలు తప్పవు. ఎడమ అంచు మాత్రమే సమం చేయండి. సాహిత్య, చరిత్ర వ్యాసాలకైతే క్రౌన్‌లో ఒకే కాలమ్ మేలని నా అభిప్రాయం. పెద్ద పట్టికలు ఎలాగూ పూర్తి వెడల్పులోనే ఉండాలి.

వత్తులు కింది పంక్తిని తాకుతున్నాయి

11 పాయింట్లకు 13 పాయింట్ల పంక్తి దూరం ఇంగ్లీషుకు సరిపోవచ్చు, తెలుగుకు చాలదు. 15 లేదా 16 ఇవ్వండి. ఇక్కడి ప్రెస్సుల్లో ఆపరేటరుకు తెలుగు చదవడం రాకపోవచ్చు, కాబట్టి ‘ష్ట్ర’, ‘క్ష్మ’ వంటివి ఉన్న పేజీలను మీరే చూడాలి.

లోపలి అంచు అక్షరాలు బైండింగులోకి పోతే అటు మార్జిన్ 20 మి.మీ.కు పెంచండి. కాగితం నార దిశ, మడతల్లో పేజీలు జరగడం వంటివి అరుదు. వాటిని ప్రెస్సువారికే వదిలేయవచ్చు.