నరసింహుడి మొహం ప్రోస్థటిక్స్‌లో చేయాలంటే

ప్రోస్థటిక్స్, అంటే సిలికాన్ ముక్కలు మొహానికి అతికించి రూపం మార్చే మేకప్, నేర్చుకునే మనోళ్ళలో చాలామంది మొదటి పెద్ద పనికి నరసింహుడినే ఎత్తుకుంటారు, నేనూ అంతే. సింహం ఫొటోలు ముందేసుకుని క్లే పిసికేయకండి, ముందు ఏ నరసింహుడో తేల్చుకోండి, అహోబిలంలోనే తొమ్మిది రూపాలున్నాయి, యోగానందుడి మొహమూ జ్వాలా నరసింహుడి మొహమూ ఒకటి కాదు కదా. అందరూ హంపి విగ్రహం ఫొటో పట్టుకొస్తారు, 1528 నాటిది, 6.7 మీటర్లు, ఆ గుడ్లు చూస్తే అదే చేసేద్దాం అనిపిస్తుంది. కానీ అది రాయి, డైలాగ్ చెప్పక్కర్లేదు. మన ఆర్టిస్టు, అదే వేషం వేసే నటుడు, చెప్పాలి.

అందుకే డిజైన్ కళ్ళ దగ్గర మొదలెట్టండి, వాటిని మనం జరపలేం. ఆర్టిస్టు మొహం ఎదురుగా, పక్కనుంచి ఫొటోలు తీసి ప్రింట్ వేసి పైన ట్రేసింగ్ పేపర్ పెట్టి గీయండి. నేనైతే కళ్ళు, కింది పెదవి మనిషివే ఉంచేసి, నుదురు, ముక్కు దూలం, పై మూతి ఈ మూడే సింహానికి ఇస్తాను. అసలు గుట్టు ముక్కు దూలంలో ఉంది, వెడల్పుగా బల్లపరుపుగా ఉంటే చాలు సగం సింహం వచ్చేసినట్టే. లెన్సులు కొనేవాళ్ళు పిల్లి కళ్ళలా నిలువు గీత ఉన్నవి కొంటారు, సింహానికి కనుపాప గుండ్రంగానే ఉంటుందండీ బాబూ. అవి కూడా కంటి డాక్టర్‌కి చూపించాకే.

ముందు ఆర్టిస్టు మొహానికి అచ్చు తీయాలి, దానికి ఆల్జినేట్ కావాలి, నీళ్ళలో కలిపితే జెల్లీలా గట్టిపడే పొడి. పళ్ళ డాక్టర్లు వాడేది మొహమంతా పూసేలోపే గట్టిపడిపోతుంది, లైఫ్‌కాస్టింగ్‌ది, అంటే మనిషి మొహానికి, ఒంటికి అచ్చు తీయడానికి చేసిందే తీసుకుని చల్లటి నీళ్ళతో కలపండి. కనుబొమలకి, రెప్పలకి వాజలీన్. ముక్కు రంధ్రాలు మూసుకుపోకుండా చూడ్డానికే ఒక మనిషి ఉండాలి, వేరే పని చెప్పొద్దు. లోపలున్నవాడు మాట్లాడలేడు కాబట్టి చెయ్యెత్తితే తీసేయాలని ముందే అనుకోండి. పైన ప్లాస్టర్ బ్యాండేజ్ వేసి, ఆరాక తీసి అందులో స్టోన్ (రాయిలా గట్టిపడే జిప్సం) పోయడమే.

ఆ స్టోన్ మొహం మీద క్లేతో సింహం రూపం స్కల్ప్ట్ చేసి, దానికి అచ్చు తీసి అందులో సిలికాన్ పోస్తాం. ఈ స్కల్ప్ట్‌కి గంధకం లేని క్లేనే వాడండి. నా మొదటి నరసింహుడికి చవగ్గా దొరికిందని ఏదో క్లే తెచ్చా, దానికితోడు చేతికి లేటెక్స్ గ్లౌజులు, మనం పోసే ప్లాటినం సిలికాన్‌కి (ప్లాటినం సాయంతో గట్టిపడే రకం) గంధకం ఉన్న క్లే, లేటెక్స్ రెండూ పడవు, తెల్లారి అచ్చు తెరిస్తే లోపలంతా పాకంలా జిగటగా ఉంది, గట్టిపడనే లేదు, మెటీరియల్ మొత్తం డస్ట్‌బిన్‌లోకి. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి.

అంచులు ఉల్లిపొరలా ఉండాలి, మూతి మధ్యలో ఎంత మందమైనా పర్లేదు గానీ నవ్వితే ముడతపడే చోట పల్చగా లాగేయండి, లేదంటే మాస్క్ తగిలించుకున్నట్టే ఉంటుంది. ఒకే ముక్కగా కాకుండా నుదురు-ముక్కు, పై మూతి, గడ్డం అని మూడుగా చేసి ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా అతికించండి, హాలీవుడ్ మేకప్ ఆర్టిస్టు డిక్ స్మిత్ లాంటివాళ్ళు చూపించిన దారి ఇదే, మొహం బాగా కదులుతుంది.

అతికించే ముందురోజే చర్మానికి వాడే గమ్‌ని ఆర్టిస్టు చేతిమీద రాసి 24 గంటలు చూడండి, దద్దురొస్తే ఆ గమ్ వద్దు. మధ్యనుంచి బయటికి అతికించుకుంటూ వెళ్ళండి, చివర్న అంచులు. మామూలు ఫౌండేషన్ సిలికాన్ మీద నిలవదు, ఆల్కహాల్ కలర్స్ (ఆల్కహాల్‌తో కరిగించి వాడే మేకప్ రంగులు) పల్చగా నాలుగైదు పూతలు వేసి, కుచ్చు కత్తిరించిన బ్రష్‌తో చుక్కలు చిమ్మితే చర్మంలా కనిపిస్తుంది. జూలు విగ్గు ఒక్కటే పెడితే టోపీలా ఉంటుంది, మొహం అంచున పొట్టి లేత రంగు వెంట్రుకలు విడిగా అంటించి బయటికి పోయేకొద్దీ పొడుగు, ముదురు చేసుకోండి.

తీసేటప్పుడు పీకొద్దు, రిమూవర్‌ని బ్రష్‌తో అంచుల కిందకి పోనిస్తూ అరగంటో ముప్పావుగంటో ఓపిక పట్టాలి. అన్నట్టు, ఆ మూతితో గ్లాసు ఎత్తి తాగడం అయ్యే పని కాదు, ఎండాకాలం షూటింగ్ అయితే మజ్జిగకి స్ట్రాలు మీ కిట్‌లోనే పెట్టుకోండి.