ఒకే కోకిలని రెండుసార్లు లెక్కపెట్టాను

ప్రతి జనవరిలో కొత్త నోట్‌బుక్ తీసి, ఆ ఏడాది కనిపించిన పిట్టల్నీ జంతువుల్నీ రాసుకోవడం నాకు అలవాటు. మొన్న డిసెంబర్‌లో కూడితే 81 వచ్చాయి. సంబరంగా చదువుకుంటూ పోతే ఎక్కడో తేడా కొట్టింది. నల్ల కోకిల ఒకటి, ఒళ్ళంతా తెల్ల చుక్కలున్న గోధుమరంగు పిట్ట ఇంకోటి. రెండోది ఆడ కోకిలే! గుడ్డి కొంగదీ అదే కథ. మామూలుగా మట్టిరంగులో ఉండేది, గుడ్లు పెట్టే కాలంలో వీపు ముదురు మెరూన్‌కి తిరుగుతుంది. ఉప్పలపాడు చెరువు దగ్గర దాన్ని చూసి కొత్త కొంగ అనుకున్నా. తేనెపిట్టయితే మూడు చోట్ల ఉంది: మగది, ఆడది, రంగు వదిలేసి గొంతు మీద నల్లచార మాత్రమే మిగిలిన మగది.

ఇప్పుడు జాతికి ఒకే వరస. ముందు శాస్త్రీయ నామం, పక్కన మన పేరు, మొదటిసారి చూసిన తేదీ, చోటు. ఆడ, మగ, పిల్ల, రంగు మారింది, అన్నీ ఆ వరస చివర్నే. శాస్త్రీయ నామం మాత్రం ఇంటికొచ్చాకే. 'యూడైనమిస్ స్కోలోపేషియస్' అని రాసేలోపు కోకిల పక్క ఊరికి పోతుంది. పేరు తేలనిదాన్ని పెన్సిల్‌తో రాస్తా, లెక్కలో కలపను.

81 కాస్తా 77 అయింది, ఉడుత, ముంగిసలతో కలిపి.