పాత గేమ్‌బాయ్ విప్పే ముందు

చేత్తో పట్టుకుని ఆడుకునే నింటెండో గేమ్ మెషీన్ గేమ్‌బాయ్. 1989లో వచ్చిన మొదటి గేమ్‌బాయ్ తెరకు లైటు లేదు. అందుకే దానికి ఐపీఎస్ స్క్రీన్, అంటే లైటుతో వచ్చే కొత్త రకం తెర, పెట్టుకోవాలని చాలామందికి సరదా. వీడియో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. స్క్రీన్ కిట్టు పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు, పాత బోర్డు పోతే మాత్రం వెతుక్కోవాలి. అందుకని మళ్లీ దొరకనివాటి సంగతి ముందు చూసుకోండి.

అందులో మొదటిది సేవ్. చాలా పాత కార్ట్రిడ్జుల్లో మీరు ఆడినదంతా లోపలున్న బటన్ సెల్ దయ మీదే నిలబడి ఉంటుంది. సెల్ తీస్తే సేవ్ పోతుంది. పోకెమాన్ గోల్డ్ లాంటివాటిలో గడియారం కూడా దాని మీదే నడుస్తుంది కాబట్టి ఇంకా త్వరగా అయిపోతుంది. కార్ట్రిడ్జ్ రీడర్‌తో సేవ్ ఫైలు కంప్యూటర్‌లోకి దించుకున్నాకే సెల్ జోలికి వెళ్లండి. కొత్త సెల్ కొనేటప్పుడు కాళ్లు అతికించి ఉన్నదే తీసుకోండి. మామూలు సెల్‌కి నేరుగా సోల్డరింగ్ చేస్తే ఆ వేడికి అది పేలిపోవచ్చు.

బయటి మరలు మూడు రెక్కలవి. వాటికి సరిపోయే స్క్రూడ్రైవర్ లేకుండా చేతికందిన దానితో తిప్పితే తల అరిగిపోతుంది, ఇక ఆ మర ఊడదు. మళ్లీ బిగించేటప్పుడు మరను మొదట వెనక్కి తిప్పండి. పాత గాడిలో పడ్డప్పుడు టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. అప్పుడు ముందుకు తిప్పి, బిగుసుకోగానే ఆపేయండి. ఇంకాస్త అని తిప్పితే లోపలి ప్లాస్టిక్ పగులుతుంది.

మొదటి గేమ్‌బాయ్ డబ్బా రెండు సగాల్నీ కలుపుతూ లోపల ఒక రిబ్బన్ కేబుల్ ఉంటుంది. మరలు ఊడాయి కదా అని డబ్బాను లాగేయకండి, అది చిరిగిపోతుంది. గేమ్‌బాయ్ అడ్వాన్స్ కనెక్టర్‌కైతే రెండు చివర్లా చిన్న చెవుల్లాంటివి ఉంటాయి. వాటిని గోటితో కొద్దిగా జరిపాకే కేబుల్ లాగాలి. అందులో 32 పిన్నులవీ 40 పిన్నులవీ ఉన్నాయి, మీ దగ్గరున్నది ఏదో చూసుకుని కిట్టు తెప్పించుకోండి. కొత్త స్క్రీన్ వెనక భాగం బోర్డుకి తగలకుండా మధ్యలో కాప్టన్ టేపు (కరెంటు పారనివ్వని టేపు) వేయడం మాత్రం మర్చిపోవద్దు.

సెల్స్ పెట్టే చోట తెల్లగానో పచ్చగానో పొడి కనిపిస్తే అది కారిపోయిన ఆల్కలైన్. గ్లౌజులు వేసుకుని, ముందు కాస్త వెనిగర్‌తో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఐపీఎస్ స్క్రీన్ పాతదానికంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆడుతుంటే మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతోందా? స్క్రీన్‌ని తిట్టుకునే ముందు పవర్ స్విచ్ శుభ్రం చేయండి. నూటికి తొంభై సార్లు అనను కానీ, నేనైతే ముందు దాన్నే అనుమానిస్తాను.

సేగా గేమ్ గేర్ అయితే కెపాసిటర్లు కారడం మామూలే. మార్చేటప్పుడు ప్లస్, మైనస్ తిరగబడకుండా విప్పకముందే ఫోటో తీసుకోండి. దాని బ్యాక్‌లైట్ ట్యూబుకి వెళ్లే వోల్టేజీ చాలా ఎక్కువ, ఆన్‌లో ఉండగా అక్కడ వేలు పెట్టొద్దు. పాత పీఎస్‌పీ బ్యాటరీ ఉబ్బితే గుచ్చకండి, నొక్కకండి, ఛార్జింగ్ అసలే పెట్టకండి.

ఇవన్నీ చేత్తో పాడయ్యేవి. చెయ్యి పెట్టకుండానే పోయేది ఇంకోటుంది, ఫర్మ్‌వేర్, అంటే మెషీన్‌ని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్. అమెరికా వైమానిక దళ పరిశోధనశాల 2010లో 1,760 ప్లేస్టేషన్ 3లు కలిపి కాండర్ అనే సూపర్ కంప్యూటర్ కట్టింది. అందులో లైనక్స్ నడిచేది, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోనిచ్చే 'అదర్ ఓఎస్' అనే సదుపాయం వల్ల. అదే ఏడాది ఏప్రిల్‌లో సోనీ 3.21 అప్‌డేట్‌తో దాన్ని తీసేసింది. అప్‌డేట్ వేయకుండా ఉన్న మెషీన్లకు ఏమీ కాలేదు. వాటిలో ఒకటి పాడై, దాని బదులు వచ్చినదాంట్లో కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే మాత్రం చిక్కే. చేత్తో పట్టుకుని ఆడే హ్యాండ్‌హెల్డ్‌లకీ ఇదే వర్తిస్తుంది. చేతికి రాగానే వైఫై పాస్‌వర్డ్ ఇచ్చేయకుండా, సెట్టింగ్స్‌లో వెర్షన్ నంబరు చూసి రాసుకోండి. ఆ నంబరుకి మీకు కావలసిన మోడ్ (మెషీన్‌లో చేసుకునే మార్పు) పనిచేస్తుందో లేదో తేలాకే మిగతా పని. నింటెండో 3డీఎస్ లాంటిదైతే నాండ్ బ్యాకప్ (లోపలి మెమరీ మొత్తానికి నకలు) తీసి, మెషీన్‌లో ఉండే ఎస్‌డీ కార్డులో కాకుండా వేరే చోట దాచండి.