కొత్త జాతి కోళ్లను పాత మందలో కలిపాక వచ్చే తిప్పలు: సమస్య - పరిష్కారం

"నాటు కోళ్లలో వనరాజా పెట్టలను వదిలాం, జాతి వేరు కదా, వాటికి పడటం లేదు" అని ఎవరైనా అనగానే నేను అడిగేది ఒక్కటే. పొద్దుగూకాక కొత్త పెట్ట మేత సంచి, అంటే మెడ మొదట్లో తిన్న గింజలు ముందుగా చేరే తిత్తి, తడిమి చూశారా? చూసినవాళ్లు దాదాపుగా ఉండరు. నట్టల మందు పట్టించి ఉంటారు, నీళ్లలో ఏదో యాంటీబయాటిక్ పొడి కలిపి ఉంటారు, దిష్టి తీసినవాళ్లూ ఉన్నారు. కోడిని చేతిలోకి తీసుకుని మెడ కింద వేలు పెట్టి చూసేందుకు మాత్రం అర నిమిషం తీరిక దొరకదు.

ఇది పెరట్లో పది నుంచి నలభై కోళ్ల వరకు పెంచుకునేవారి కోసం. గూడు శుభ్రం చేయడం, వరిపొట్టు మార్చడం, పిల్లలకు వెచ్చదనం ఇవ్వడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఎనిమిది వారాలు నిండని పిల్లలను పెద్దవాటిలో కలిపి, తర్వాత సమస్య ఏమిటని అడగకండి. సమస్య అదే.

దింపీ దింపగానే రక్తం కారేలా పొడుస్తున్నాయి

కారణం: కొత్తదాన్ని సంచిలోంచి తీసి నేరుగా మంద మధ్యలో వదిలారు. అదీ ఒంటరిగా. కోడికి జాతి తెలియదు, ముఖం తెలుసు. తల, తురాయి చూసి తన మందలోదా కాదా అని పోల్చుకుంటుంది. అందుకే కడక్‌నాథ్ లాంటి నల్లటి తురాయి, అసీల్ లాంటి అణిగిన చిన్న తురాయి ఉన్న కోడి, ఎర్రగా నిలువెత్తు తురాయి ఉన్న మందలోకి వస్తే మరింత పరాయిగా కనిపిస్తుంది.

పరిష్కారం: జాలీ అడ్డం పెట్టి వారం, పది రోజులు పక్కపక్కనే ఉంచండి. చూసుకోవాలి, ముక్కు అందకూడదు. కలిపేటప్పుడు కనీసం మూడింటిని ఒకేసారి కలపండి, అప్పుడు దెబ్బలు పంచుకుంటాయి. గూటిలో కాదు, ఆరుబయట విశాలమైన చోట కలపండి. రాత్రి చీకట్లో అడ్డకర్ర మీద కూర్చోబెడితే చాలు, తెల్లారేసరికి కలిసిపోతాయని ఒక నమ్మకం ఉంది. రాత్రి గొడవ జరగదు, నిజమే. తెల్లారాక జరుగుతుంది, మీరు నిద్ర లేవకముందే.

మెడ నిక్కించి ఎదురుబొదురు నిలబడటం, రొమ్ముతో గుద్దడం, నాలుగు అడుగులు తరమడం మామూలే. వాటి మధ్యలోకి వెళ్లకండి. రక్తం కనిపిస్తే మాత్రం ఆ కోడిని వెంటనే వేరు చేయండి, ఎరుపు కనిపించిన చోటే మిగతావన్నీ పొడుస్తాయి. గాయానికి జెన్షియన్ వయోలెట్ రాస్తే ఎరుపు కప్పిపోతుంది.

పెద్ద అసీల్ పుంజులు రెండింటిని కలిపే ఉపాయం నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. వేరు వేరు గంపల కిందే ఉంచాలి. అసీల్ పెట్టలు కూడా తక్కువవేమీ కావు. ఒక్క అసీల్ పెట్ట మిగతా మందనంతా అదుపులో పెట్టగలదు, ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద అవసరమవుతుంది.

గాయం లేదు, గోల లేదు, కొత్తవి మాత్రం చిక్కిపోతున్నాయి

అసలు కోళ్లను తినేసేది ఇది. కొట్లాట కళ్లకు కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు విడదీస్తారు. ఇది కనిపించదు.

కలిపిన కొన్ని రోజులకు మొదలవుతుంది. కొత్త పెట్ట రెక్కలు జార్చి మూలన నిలబడుతుంది. పగటిపూట కూడా అడ్డకర్ర దిగదు. తురాయి వెలవెలబోతుంది. రెట్ట తక్కువగా, పచ్చగా పడుతుంది. గుడ్లు పెట్టేదైతే ఆపేస్తుంది. ఒంటి మీద ఒక్క గాటు ఉండదు. ఏమైనా తింటోందా అని అడిగితే "నా కళ్ల ముందే తింటోందండీ" అంటారు.

తినడం లేదు. దగ్గరగా గమనించండి. మంద మేత చుట్టూ చేరినప్పుడు కొత్త పెట్ట రెండు మూడు అడుగుల అవతల ఉంటుంది. అది కూడా తల వంచుతుంది, నేలను పొడుస్తుంది, కాలితో గీరుతుంది. కానీ అక్కడ గింజ లేదు, ఉత్త మట్టి. తొట్టి వైపు ఒక అడుగు వేస్తుంది, పెద్ద పెట్ట తల ఎత్తి ఒక్క చూపు చూస్తుంది, ఇది పక్కకు తిరిగి మళ్లీ మట్టిని పొడుస్తుంది. ముక్కు తగలలేదు, ఈక రాలలేదు. మొదటి రెండు రోజుల్లో తిన్న పోట్లే చాలు, ఆ తర్వాత చూపుతోనే పని జరిగిపోతుంది. పైగా మీరు దగ్గర నిలబడితే పెద్ద పెట్ట కాస్త వెనక్కి తగ్గుతుంది, కొత్తది నాలుగు గింజలు ఏరుకుంటుంది. మీరు చూసింది ఆ నాలుగు గింజలనే. అందుకే ఉదయం గూడు తలుపు తీసి, మేత వేసి, కిటికీ వెనక్కో అరుగు మీదికో వెళ్లి చూడాలి.

పచ్చ రెట్ట దగ్గర చాలామంది దారి తప్పుతారు. కొక్కెర తెగులు (రాణిఖేత్) వచ్చినా రెట్ట పచ్చగానే పడుతుంది కాబట్టి గుండె జారి మందుల దుకాణానికి పరుగెడతారు. కడుపులో మేత లేని కోడికి పైత్యరసం ఒక్కటే దిగి రెట్ట పచ్చబడుతుంది. తెగులైతే టీకా లేని కోళ్లలో కొత్తా పాతా చూడదు, రొప్పు, గురక, మెడ వంకర వెంట తెస్తుంది. ఆకలైతే మందలో అట్టడుగున ఉన్నవాటికే పరిమితం.

తేల్చుకోవడం ఎలా? చీకటి పడి కోళ్లు కూర్చున్నాక చిన్న లైటుతో వెళ్లండి. కొత్త పెట్టను చంకలో పెట్టుకుని మెడ మొదట్లో, రొమ్ముకు పైన, కోడికి కుడివైపున తడమండి. కడుపునిండా తిన్నదానికి అక్కడ పెద్ద నిమ్మకాయంత ముద్ద తగులుతుంది, మెల్లగా నొక్కితే వేలి కింద గింజలు కదులుతాయి. తిననిదానికి వదులు తోలు తప్ప ఏమీ ఉండదు. అదే రాత్రి ఒక పాత పెట్టనూ తడిమి చూడండి. పాతది నిండుగా, కొత్తది ఖాళీగా ఉంటే జబ్బుల జాబితా తర్వాత చూడవచ్చు, ముందు మేత సంగతి చూడండి. రొమ్ము ఎముక పదునుగా చేతికి గుచ్చుకుంటోందంటే ఈ పస్తులు ఇవాళ మొదలైనవి కావు. ఇక తెల్లవారుజామున మేత వేయకముందు సంచి ఖాళీ అయి ఉండాలి. అప్పటికీ గట్టిగా ఉంటే లోపల అడ్డుపడిందని అర్థం, అది వేరే సమస్య, పశువైద్యుడికి చూపించాలి.

జాతులు కలిసినచోట ఇది ఎందుకు ఎక్కువంటే, బెదిరింపుతో పాటు ఇంకో రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది అలవాటు. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన రకాలు. వీటి పిల్లలను సాధారణంగా ఐదారు వారాల దాకా షెడ్డులో పెంచి ఇస్తారు. అవి పుట్టినప్పటి నుంచి తొట్టిలో పొడి దాణా తిన్నవి. మీరు నేల మీద చల్లిన వడ్లు, జొన్నలు, నూకలు వాటి కంటికి మేతలా కనిపించవు. నిపుల్ గొట్టం (ముక్కుతో పొడిస్తే చుక్కలు కారేది) నుంచి నీళ్లు తాగి పెరిగినదైతే మట్టి మూకుడు ముందు నిలబడి కూడా దాహంతో ఉంటుంది. పక్కనే నాటు పెట్ట పెంట తిరగేసి పురుగులు ఏరుకుంటుంటే ఇది తొట్టి కోసం వెతుక్కుంటూ ఉంటుంది. రెండోది ఎత్తు. వనరాజా పెట్ట రెండు కిలోలు దాటుతుంది, కడక్‌నాథ్ పెట్ట కిలో, కిలోన్నర. వేలాడే తొట్టిని పెద్దవాటి కొలతకు కడితే చిన్నవాటికి అందేది అడుగుబొడుగే.

ఇప్పుడు పరిష్కారం. మేతను రెండు మూడు చోట్ల పెట్టండి, కానీ ఒకచోటు నుంచి ఇంకోచోటు కనపడకూడదు. ఈ రెండో మాటను జనం వినరు. రెండు తొట్లు పక్కపక్కన పెట్టి "పెట్టామండీ, లాభం లేదు" అంటారు. పక్కపక్కన పెడితే పెద్ద పెట్ట నిలబడ్డచోటు నుంచే రెండింటికీ కాపలా కాస్తుంది. గోడ మలుపు, గడ్డివాము, బోర్లించిన గంప, ఏదో ఒకటి మధ్యలో ఉండాలి. నీళ్లకూ ఇదే లెక్క, ముఖ్యంగా ఎండాకాలం. నీడలో ఒక్కటే తొట్టి ఉంటే మధ్యాహ్నమంతా పెద్ద పెట్టలు దాని పక్కనే పడుకుంటాయి, కొత్తవి ఎండలో రొప్పుతుంటాయి. నీళ్లు తాగని కోడి మేత కూడా మానేస్తుంది.

తొట్టి అంచు మందలోకెల్లా చిన్న కోడి వీపు ఎత్తుకు ఉండాలి. కొత్తవాటికి మొదటి రెండు వారాలు అవి తిన్న దాణానే తెచ్చి పెట్టండి, గింజలు కొద్దికొద్దిగా అందులో కలుపుతూ మార్చండి. అమ్మినవారిని ఏమి తినిపించారో, దేనిలో నీళ్లు పెట్టారో అడగకుండా కోళ్లు కొనకండి. రంగు, బరువు, ధర అన్నీ అడుగుతారు, ఇది ఒక్కటి తప్ప. మందలో గుడ్లు పెట్టేవీ ఎదిగేవీ కలిసి ఉంటే అందరికీ లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) వేయకండి, అందులోని కాల్షియం ఎదిగే పిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఎదిగే కోళ్ల దాణా వేసి, గుల్లల పొడిని వేరే గిన్నెలో పెట్టండి, కావలసినవి తింటాయి.

ఇవన్నీ చేశాక కూడా చిక్కిన పెట్టను ఏం చేయాలన్న దగ్గర అసలు ఉచ్చు ఉంది. సహజంగా ఎవరైనా దాన్ని తీసి గంప కింద వేరుగా పెట్టి మేపుతారు. రెండు మూడు రోజుల్లో కళ్లు తేటపడతాయి, రెట్ట గట్టిపడుతుంది. మందు పనిచేసిందనుకుని తిరిగి మందలో వదులుతారు. మళ్లీ మొదటికి వస్తుంది, ఈసారి ఇంకా ఘోరంగా. ఎందుకంటే మీరు దాన్ని మరోసారి ఒంటరి కొత్త కోడిని చేసి దింపారు. తీయాల్సింది దెబ్బలు తినేదాన్ని కాదు, కాపలా కాసేదాన్ని. ఆ పెద్ద పెట్టను, ముందు చెప్పిన అసీల్ అయితే మరీ ముఖ్యంగా, మందకు కనపడని చోట నాలుగైదు రోజులు ఉంచండి. ఈలోగా మిగతావి తమలో తాము సర్దుకుంటాయి. అది తిరిగి వచ్చేసరికి దాని జాగా పోయి ఉంటుంది, కొత్తగా వచ్చినదానిలాగే నడుచుకుంటుంది. చిక్కిన పెట్ట నిలబడలేనంత నీరసంగా ఉంటేనే వేరు చేయండి, అదీ మంద కనిపించేలా జాలీ వెనక. తిరిగి వదిలేటప్పుడు తోడుగా ఇంకో రెండింటిని కలిపి వదలండి.

కొత్తవి బాగానే ఉన్నాయి, పాతవే చనిపోతున్నాయి

సంత నుంచి తెచ్చినవి హుషారుగా తిరుగుతుంటాయి, వారం పది రోజులకు ఇంటి నాటు కోళ్లు వరసగా ఒరిగిపోతాయి. కొత్తవాటికి టీకాలు వేశారట, జబ్బు ఎలా వస్తుందని అడుగుతారు. టీకా ఆ కోడిని కాపాడుతుంది, దాని ఒంట్లో తెగులు క్రిమి చేరకుండా పూర్తిగా ఆపలేదు. అది పైకి బాగానే ఉండి రెట్టలో, శ్వాసలో కొక్కెర తెగులును వదులుతూ ఉండవచ్చు. మీ నాటు కోళ్లకు టీకానే లేదు.

కలపకముందే పాత మందకు కొక్కెర తెగులు టీకా వేయించండి. చిన్న పిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా చుక్క, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌2బి సూది. వేసిన రెండు వారాల తర్వాతే కలపండి, అంతకుముందు రక్షణ సరిగా రాదు. కొత్తవాటిని మూడు నుంచి నాలుగు వారాలు దూరంగా, వేరే తొట్లతో ఉంచండి. జాలీ అవతల పది రోజులు ఉంచడం దీనికి బదులు కాదు, గాలి జాలీలోంచి వస్తుంది. ముందు పాతవాటికి మేత వేసి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి, చెప్పులు మార్చుకోండి. చావులు మొదలయ్యాక టీకా వేయించడానికి తొందరపడకుండా పశువైద్యశాలకు చెప్పండి, చనిపోయినవాటిని లోతుగా పూడ్చండి, మిగిలినవాటిని సంతకు తీసుకెళ్లి అమ్మకండి. ఆ అమ్మేవాళ్ల వల్లే మీకూ వచ్చింది.

చీకటి పడినా గూటిలోకి రావడం లేదు

బరువైన జాతులు ఎత్తు కర్రలు ఎక్కలేవు, నేల మీదే ముడుచుకుంటాయి. వాటికి మోకాలి ఎత్తులో వెడల్పాటి కర్ర వేయండి, ఒక్కో కోడికి జానెడుకు పైగా చోటు చూడండి. మొదటి వారం సాయంత్రం మీరే ఎత్తి లోపల పెట్టండి. గిన్నీ కోళ్లు చెట్టెక్కితే వాటితో వాదన అనవసరం.

మిగతావి

ఈకలు రాలుతున్నాయంటే ముందు రెక్కల కింద, వెనక భాగంలో పేలు, గోమార్ల కోసం చూడండి, దొరికితే పశువైద్యుడు చెప్పిన మందు గూటి సందులకు కూడా కొట్టాలి. బరువైన పుంజు ఎక్కి నాటు పెట్టల వీపు చీలుతోందంటే పుంజును మార్చండి. గుడ్లు పగలగొట్టుకుని తినడం ఎక్కువగా కొత్త కోళ్ల వల్ల కాదు, గుడ్లు పెట్టే గంపలు చాలకపోవడం లాంటి వాటి వల్ల. బాతులను కలిపితే నేల తడిసి కోడిపిల్లలకు రక్తపారుడు వస్తుంది, వాటి నీళ్ల తొట్టిని గూటికి దూరంగా పెట్టండి. టర్కీలను మాత్రం కోళ్లు తిరిగిన నేల మీద వదలకండి. కోళ్ల పేగుల్లోని నట్టల గుడ్ల ద్వారా వచ్చే కాలేయపు జబ్బు కోళ్లను పెద్దగా ఏమీ చేయదు, టర్కీలను చంపుతుంది. వాటికి వేరే దొడ్డి ఉంటేనే తెచ్చుకోండి.