బేస్‌బాల్‌లో ప్లేట్ వెనక అంపైర్ ఎక్కడ నిలబడాలి

క్యాచర్‌కి (బ్యాటర్ వెనక కూర్చుని బాల్ పట్టేవాడికి) సరిగ్గా వెనక నిలబడితే అతను అడ్డొచ్చి పిచ్ (బ్యాటర్‌కి విసిరిన బాల్) సరిగ్గా కనపడదు, అందుకే బ్యాటర్‌కీ క్యాచర్‌కీ మధ్య ఉండే సందులో, అంటే రైట్ హ్యాండ్ బ్యాటరైతే మీ ఎడమవైపు, నిలబడాలి. గడ్డం క్యాచర్ తల పైభాగం ఎత్తులో ఉంచండి, మరీ కిందకి వంగితే లో పిచ్‌లు (కిందుగా వచ్చే బాల్స్) అస్సలు తెలీవు. ప్లేట్ (బ్యాటర్ దగ్గర నేలమీద ఉండే పలక) వెడల్పు 17 అంగుళాలే, కాబట్టి తల తిప్పకండి, బాల్ గ్లవ్‌లో పడేదాకా కళ్ళే కదలాలి, తర్వాత ఒక్క క్షణం ఆగి కాల్ (మీ నిర్ణయం) ఇవ్వండి (తొందరే కొంప ముంచుతుంది).

బాల్ కొట్టగానే మాస్క్ ఎడమ చేత్తో తీసేసి క్యాచర్‌కి అడ్డం లేకుండా బయటికొచ్చేయండి. పాప్ ఫ్లై (గాల్లోకి ఎత్తుగా లేచిన బాల్) వెనక్కొస్తే ముందు క్యాచర్ ఎటు తిరుగుతున్నాడో చూసి దారివ్వాలి. ప్లేట్ దగ్గర ట్యాగ్ ప్లే (రన్నర్‌ని బాల్‌తో తాకి అవుట్ చేసే ప్రయత్నం) ఉంటే మాత్రం దూరం కన్నా యాంగిల్ ముఖ్యం, ట్యాగ్‌కీ రన్నర్‌కీ మధ్య ఖాళీ కనిపించేలా జరుగుతూ ఉండండి, నిర్ణయం చెప్పేటప్పుడు మాత్రం ఆగిపోవాలి.