నత్తి: ఇంట్లో ఏం చేయాలి, చికిత్సకు ఎప్పుడు వెళ్లాలి

నత్తి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య, మాటలు వేగంగా పెరిగే వయసులో మొదలవుతుంది. ఇది నాలుక మందం వల్లనో, జడుసుకోవడం వల్లనో, పెంపకంలోని లోపం వల్లనో వచ్చేది కాదు. మాటను నడిపించే మెదడు పనితీరులోని తేడా వల్ల వస్తుంది, కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా కనిపిస్తుంది. కాబట్టి వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసినా, నోట్లో గులకరాళ్లు పెట్టి మాట్లాడించినా ఫలితం ఉండదు. దయచేసి బిడ్డను ఆ బాధ పెట్టకండి.

ఇంట్లో మొదట నేర్చుకోవలసింది ఓపికగా వినడం. ‘మెల్లగా చెప్పు’, ‘ఊపిరి పీల్చుకొని చెప్పు’ అనడం మనకు సాయంగానే తోచినా, తన మాటలో ఏదో తప్పుందని బిడ్డకు గుర్తుచేస్తుంది. మాటను మీరు పూర్తి చేయకుండా, బిడ్డ ముఖం చూస్తూ ఆగి, చెప్పిన విషయానికి జవాబివ్వండి. మీరే కాస్త నిదానంగా మాట్లాడండి. తల్లిదండ్రులు ముంబయికో పుణేకో వలస వెళ్లి, పిల్లలు నాయనమ్మ దగ్గర పెరిగే పాలమూరు ఇళ్లలో ఈ సంగతి ముందుగా ఆమెకే చెప్పాలి. ‘అమ్మ లైన్‌లో ఉంది, జల్ది మాట్లాడు’ అని ఫోన్ చెవికి ఆనిస్తే ఆ తొందరలో నత్తి మరింత పెరగవచ్చు.

నూటికి ఐదుగురు పిల్లల్లో ఏదో ఒక దశలో నత్తి కనిపిస్తుంది, వారిలో ఎక్కువ మందికి దానంతటదే పోతుంది. అయినా ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, ఇంట్లో పెద్దవారెవరికైనా నత్తి ఉండిపోయి ఉంటే, లేదా బిడ్డ మాట్లాడటానికే వెనకాడుతుంటే ఆగవద్దు. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందానికి చెప్పి, స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపమని అడగండి. బడి ఈడు రాని పిల్లలకు ఇచ్చే లిడ్‌కోంబ్ పద్ధతిలో థెరపిస్టు తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు.

పెద్దల్లో నూటికి సుమారు ఒకరికి నత్తి ఉంటుంది. దీన్ని పూర్తిగా పోగొట్టే మాత్ర లేదు. మాటను మృదువుగా ఎత్తుకోవడం, అడ్డుపడిన చోట బలవంతం చేయకుండా సడలించడం, దాచుకోవాలన్న భయాన్ని తగ్గించుకోవడం థెరపీలో నేర్పుతారు. పెద్ద వయసులో అకస్మాత్తుగా మొదలైతే మాత్రం పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బడిలో టీచర్‌ను కలిసి, హాజరు పిలిచినప్పుడు చేయి ఎత్తినా చాలని, పాఠం చదివేటప్పుడు పక్క పిల్లవాడితో కలిసి చదవనివ్వమని అడగండి. నలుగురితో గొంతు కలిపినప్పుడు నత్తి చాలావరకు రాదు.