మోకీ డగ్‌వే దిగేటప్పుడు కెమెరా సంచిలోనే

మాది మార్కాపురం. పెళ్లి ఫొటోలు తీస్తాను. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద ఇరవై ఏళ్లుగా కారు తోలుతున్నాను. పోయిన అక్టోబరులో అమ్మాయి వాళ్ల దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు యూటా రాష్ట్రంలోని మోకీ డగ్‌వే అనే కొండ రోడ్డు చూశాను. అల్లుడు తోలాడు, నేను పక్క సీట్లో కూర్చుని ఎదురు బండ్లు చూస్తూ చెప్పాను. ఆ పని ఒకరు చెయ్యాల్సిందే.

అది 261వ నంబరు రోడ్డులో దాదాపు 5 కిలోమీటర్ల ముక్క. అంతకుముందూ ఆ తర్వాతా తారు రోడ్డే, ఆ ముక్క మాత్రం కంకర. వాలు 11 శాతం. అంటే వంద అడుగులు ముందుకు పోతే పదకొండు అడుగులు దిగుతాం. 1950లలో యురేనియం ఖనిజం మోసే లారీల కోసం ఎర్రకొండను తొలిచి వేశారు. 28 అడుగుల కంటే పొడవు, 10,000 పౌండ్ల కంటే బరువు ఉన్న బండ్లు ఎక్కించొద్దని అక్కడి రోడ్ల శాఖ చెబుతుంది. అద్దె కారైతే కంకర రోడ్డు మీదికి తీసుకెళ్లొచ్చో లేదో కాగితాల్లో ముందే చూసుకోండి.

మన నల్లమలలో చెట్లు లోయను కప్పేస్తాయి. అక్కడ ఒక్క చెట్టు అడ్డుండదు, అడుగు దాకా కనిపిస్తుంది. కొత్తవాళ్లకు టెన్షన్ అక్కడే. కళ్లు లోయ మీదికి పోతే స్టీరింగ్ కూడా అటే లాగుతుంది. చూపు రాబోయే మలుపు మీదే ఉంచండి. మొదటిసారైతే మెక్సికన్ హ్యాట్ ఊరివైపు నుంచి ఎక్కండి, దిగడం కంటే ఎక్కడం తేలిక. పెట్రోలు, నీళ్లు ఆ ఊళ్లోనే నింపుకోండి. వాన పడి తడిగా ఉంటే ఆ రోజుకి మానుకోండి.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. ఆటోమేటిక్ కారైతే మీటను తక్కువ గేరైన 'ఎల్'లోకో, మాన్యువల్ మోడ్‌లో ఒకటి రెండు గేర్లలోకో తెచ్చుకోండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు. గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలెయ్యండి. ఒకసారి దోర్నాలవైపు దిగుతుంటే నా కారు బ్రేకులు కమురు వాసన కొట్టాయి. వెనక సీట్లో చంటిపిల్ల ఉంది. ఆపి, అవి చల్లారేదాకా కూర్చున్నాం. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడే. ఎదురుగా ఎక్కే బండి వస్తే దిగేవాళ్లే ఆగాలి. ఇక్కడా అక్కడా అదే పద్ధతి.

ఇక ఫొటోలు. తోలేవాళ్లు ఫోను ముట్టుకోకూడదు. మలుపులో ఆపకూడదు. పక్కన వెడల్పు చేసిన చోట్లలో బండి పూర్తిగా పక్కకు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి దిగండి. రోడ్డు మెలికలు పైఅంచు నుంచే బాగా కనిపిస్తాయి. వైడ్ లెన్సుతో తీస్తే కొండ చదునైపోతుంది. ఫోన్లో రెండింతలో మూడింతలో జూమ్ పెడితే మలుపులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తాయి. ఒక కారు ఫ్రేములోకి వచ్చేదాకా ఆగండి, ఆ చిన్న చుక్క వల్లే కొండ ఎంత పెద్దదో తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎర్రరాయి పాలిపోతుంది. ఉదయం, సాయంత్రం పక్కవెలుగులో ప్రతి పొరా విడిగా కనిపిస్తుంది. ఒంగోలులో ఏసీ కారు దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది, అక్కడి పొడిగాలిలో ఆ బాధ లేదు. దుమ్ము మాత్రం విపరీతం. లెన్సు మార్చాలంటే కారులోపలే.

చీకటి పడ్డాక టెయిల్ లైట్ల గీతలు తీయాలనుకుంటే ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 100కి తగ్గించి, షట్టరు ముప్పై సెకన్లు తెరిచి ఉంచండి. కార్లు నెమ్మదిగా దిగుతాయి కాబట్టి ఒక ఫొటోలో గీత కొంచెం రోడ్డు మేరకే వస్తుంది. కెమెరా కదపకుండా వరసగా పదీ ఇరవై తీసి, ఇంటికొచ్చాక కలపండి. ఆ ఫొటో కోసం పైన ఉండిపోతే, రాత్రిపూట ఆ రోడ్డు దిగొద్దు. ఉత్తరంగా వెళ్లి 95వ నంబరు రోడ్డు పట్టుకుని బ్లాండింగ్ చేరండి. మేమూ అలాగే వెళ్లాం.